పక్క గడిలో పాత అంకె

రక్తంలోంచి తేరిన సీరం తేటగానే ఉంది కదా, ఎర్రబడలేదు, పాలు కలిపినట్టు తెల్లబడలేదు, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అవతలి గోడ కనిపించేంత తేట, మరి ఈ ఎర్ర గుర్తులేమిటి, ఒకటి, దాని కింద ఇంకొకటి, అరె, ఆ కింద మళ్ళీ, ప్రింటరు గరగరమంటూ కాగితాన్ని ఇంకా కక్కుతూనే ఉంది, నా చెయ్యి దాన్ని అందుకోవడానికి ముందుకు వెళ్ళి సగంలో ఆగిపోయింది, చేతికి కూడా భయం వేస్తుందని ఇవాళే తెలిసింది, ఇన్నేళ్ళుగా ఈ మిషను ముందు నిలబడి ఊరందరి రక్తం చూశాను, రోజూ ఎవరికో ఒకరికి ఎర్ర గుర్తు పడుతూనే ఉంటుంది, పడితే పడింది, కాగితం మడిచి కవరులో పెట్టి కిటికీలోంచి అందించేస్తాను, మొహంలో ఏమీ కనపడనివ్వను, అది మా పనిలో మొదటి పాఠం, డాక్టరుగారికి చూపించండి అనాలి, అంతకు మించి ఒక్క మాట అనకూడదు, కానీ దీన్ని కవరులో పెట్టి ఎవరికి అందించాలి, ఇది మా గుమాస్తాది, గుమాస్తా అంటే మనిషి కాదు, అయిదు నెలల కుక్కపిల్ల, గోధుమ రంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఇంకో చెవి వాలిపోయి, ఇంట్లో ఎవరు ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి నోట్లో కాగితం ముక్కో గుడ్డ పీలికో పట్టుకుని వెనకాలే వచ్చి తల వంచుకుని నిలబడతాడు, సంతకం కోసం వచ్చినట్టు, అందుకని మామయ్య పెట్టిన పేరు, ఇవాళ పొద్దున కూడా నా సంచిలోంచి బస్సు టికెట్టు లాక్కుని మంచం కిందికి పారిపోయాడు, అలాంటి వాడికి ఏఎల్‌పీ నూట తొంభై ఒకటా, ఫాస్ఫరస్ దాదాపు ఎనిమిదా, కాల్షియం కూడా గీత దాటిందా, క్రియాటినిన్ చూస్తే అట్టడుగున, ప్రొటీన్ తక్కువ, ఇదేం రక్తం రా నాయనా, నీకేమైంది రా.

గుండె గుభేలుమనడం అనే మాట ఎన్నిసార్లు వాడి ఉంటానో, దానికి నిజంగా ఒక చప్పుడు ఉంటుందని నాకు రెండోసారి తెలిసింది, మొదటిసారి కూడా ఇక్కడే, ఈ స్టూలు మీదే, ఆ సంగతి ఇప్పుడొద్దు, ఇప్పుడు వాడి గురించి ఆలోచించాలి, వాడికి ఎల్లుండి ఆపరేషను, పిల్లలు పుట్టకుండా చేస్తారే అది, మత్తు ఇచ్చేముందు రక్తం ఒకసారి చూసుకుంటే మంచిదమ్మా అన్నారు కుక్కల డాక్టరమ్మ, మా మిషను మూలపడింది, బయటికి పంపిస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేను అంటే నేనే గొప్పకు పోయి మా దగ్గర లేని మిషనా డాక్టరుగారూ, నేను చేసేస్తాను లెండి అన్నాను, ఆవిడ వాడి ముందు కాలు పట్టుకుని సూది పెడితే వాడు కుయ్యిమనకుండా ఆవిడ వాచీ పట్టీ కొరకడం మొదలుపెట్టాడు, ఆ ట్యూబు సంచిలో వేసుకుని తీసుకొచ్చి పని అయిపోయాక, రెండో షిఫ్టు అమ్మాయి టీకి వెళ్ళిన సందు చూసి, ఇదిగో ఎక్కించాను, ఎక్కించాలంటే మిషనుకు ఒక మనిషి కావాలి, పేరు, వయసు, ఆడా మగా, అవి లేకపోతే అది ట్యూబును ముట్టుకోదు, కుక్క అనే గడి మా కంప్యూటరులో లేదు, ఇక్కడ పనిచేసే వాళ్ళ కుటుంబాలకు విడిగా నంబర్లుంటాయి, నాకొకటి, మా ఆయనకొకటి, వాళ్ళ నాన్న మామయ్యకొకటి, నాది వాడితే రేపు నాకు జ్వరం వచ్చినప్పుడు తేడా పడుతుంది, మామయ్యది వాడితే ఆ పెద్దాయన షుగరు లెక్కలన్నీ తారుమారవుతాయి, ఆయనది ఖాళీగానే ఉంది, ఎవరికీ అడ్డం లేదు, అని టకటకా కొట్టేశాను, చెయ్యి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు, తడుముకోవలసింది, ఇప్పుడు చూడు, కాగితం పైవరుసలో ఇంటిపేరుతో సహా ఆయన పేరు, వయసు నలభై ఎనిమిది, నలభై ఆరుకే వెళ్ళిపోయిన మనిషికి ఈ మిషను ఏడాది తప్పకుండా వయసు పెంచుతూనే ఉంది, పుట్టినరోజు మర్చిపోకుండా, నాకంటే అదే నయం.

పక్క గడిని నేను మర్చిపోయాను, అదీ అసలు పిడుగు, ప్రతి అంకె పక్కనా మా కంప్యూటరు ఇంకో చిన్న గడి గీస్తుంది, గత ఫలితం అని, పోయినసారి ఎంత వచ్చిందో అందులో వేస్తుంది, డాక్టర్లకు పోల్చుకోవడానికి వీలుగా ఉంటుందని నేనే అప్పట్లో మా మేనేజరుతో పోట్లాడి పెట్టించాను, ఏఎల్‌పీ నూట తొంభై ఒకటి, గత ఫలితం ఆరు వందల పన్నెండు, ఆ ఆరు వందల పన్నెండు ఆస్పత్రి మంచం మీద ఆయన ఆఖరిసారి ఇచ్చిన రక్తానిది, నరం దొరకలేదు, నేనే తీశాను, ఎంత సేపమ్మా తోడతావు, బావిలో నీళ్ళు అయిపోయాయి అన్నారు, లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎక్కడ ఇరుక్కున్నా జోకు వేయకుండా బయటికి రారు, ఆరు వందల పన్నెండు కాదు నన్ను భయపెట్టింది, అప్పటికి భయపడడం కూడా అయిపోయింది, అంతకు ముందెప్పుడో, నడుం నొప్పి, లిఫ్టు గొయ్యిలో వంగి వంగి పట్టేసింది అంతే అని నెలల తరబడి నూనె రాసుకుంటూ తిరిగిన మనిషిని నేనే లాక్కొచ్చి కూర్చోబెట్టి రక్తం తీస్తే ఇదే మిషను, ఇదే గరగర, అన్నీ బాగున్నాయి, ఒక్కదానికి మాత్రం ఎర్ర గుర్తు, ఏఎల్‌పీ నూట ఎనభై ఏడు, ఏముంది కొంచెం ఎక్కువ అంతే కదా అన్నారు, నేను మొహంలో ఏమీ కనపడనివ్వకుండా డాక్టరుగారికి చూపిద్దాం అన్నాను, మొగుడితో కూడా మొదటి పాఠమే, కానీ నాకు తెలుసు, ఏఎల్‌పీని కాలేయమైనా వదలాలి, ఎముకైనా వదలాలి, కాలేయం బాగుంది, అంటే ఎముక, లోపల ఏదో ఎముకను తవ్వుతోంది, ఎముక గోలపెడుతోంది, తర్వాత స్కానుల్లో అదే తేలింది, ఎక్కడ మొదలైందో తెలిసేసరికే వెన్నంతా పాకింది, నూట ఎనభై ఏడు దగ్గర మొదలైంది, ఇప్పుడిది నూట తొంభై ఒకటి, వీడికి మొదలే నాలుగు ఎక్కువ.

కోటు విప్పానో లేదో, కాగితం మడిచి సంచిలో వేసుకున్నానో లేదో, వీధిలోకి వచ్చి పడ్డాను, రెండో షిఫ్టు అమ్మాయి ఎదురొచ్చి అక్కా ఏంటలా ఉన్నావ్ అంటే ఎండ అన్నాను, ఎండెక్కడుంది, వీధి దీపాలు వెలిగే వేళ, బస్సు స్టాపులో జనం, వద్దు, నిలబడలేను, నడుద్దాం, డాక్టరమ్మకు ఫోను చేస్తే మోగుతోంది మోగుతోంది ఎత్తరు, ఆవిడ ఏ పిల్లి నోట్లో చెయ్యి పెట్టి ఉన్నారో, మళ్ళీ చేశాను, ఎత్తలేదు, తాళాల కొట్టు ముందు ఒకతను తాళం చెవి అరగదీస్తున్నాడు, ఆ కీచు చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి, పళ్ళు, వాడికి పళ్ళు కూడా ఊడుతున్నాయి కదా, మొన్న చాప మీద బియ్యం గింజంత పన్ను దొరికితే మామయ్య అగ్గిపెట్టెలో దాచారు, అమ్మో, కాల్షియం, ఫాస్ఫరస్, ఎముకలు కరిగి రక్తంలోకి వచ్చేస్తున్నాయా, పళ్ళు అందుకే రాలుతున్నాయా, పిచ్చిదానా పాలపళ్ళు ఊడవా అని బుర్రలో ఒక మూల నుంచి ఎవరో అంటున్నారు, ఆ మూలను నోరు మూయించాను, నాకు మంచి మాట వినే ఓపిక లేదు, వాడు మా ఇంటికి వచ్చిందే లిఫ్టు గొయ్యిలోంచి, ఆయన జోడీ మెకానిక్కు ఏదో పాత భవనంలో లిఫ్టు ఆగిపోయిందని దిగితే గొయ్యి అడుగున గ్రీజు పూసుకుని ఒక్కటే పిల్ల, తల్లి లేదు, మిగతావి లేవు, టూల్ బ్యాగులో వేసుకుని తిన్నగా మా ఇంటికి తెచ్చాడు, వదినా, వాడుంటే వాడికే ఇచ్చేవాణ్ణి, వాడు లేడు కాబట్టి నీకు ఇస్తున్నా అని మొహం తిప్పుకుని మెట్లు దిగిపోయాడు, నేను వద్దనే అందామనుకున్నాను, అప్పటికే మామయ్య కుర్చీలోంచి లేచారు, ఏడాది పైన అయ్యింది ఆ మనిషి తనంతట తాను కుర్చీలోంచి లేవడం నేను చూసి, గ్రీజు పోవాలంటే కిరసనాయిలు కాదు, కొబ్బరి నూనె పట్టించాలమ్మాయ్ అన్నారు, ప్రెస్సులో చేతులకు సిరా అలాగే వదిలించేవాళ్ళం అన్నారు, ఒక్క ఊపిరిలో అన్ని మాటలు, నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను, ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం వీధి చివరి దాకా ఇద్దరూ నడక, ఎవరు ఎవర్ని లాక్కెళ్తున్నారో చెప్పలేం, ఇప్పుడు వెళ్ళి ఆ మనిషికి ఏం చెప్పాలి, మామయ్యా, దీనికి కూడా అని చెప్పాలా, ఎలా చెప్పాలి, నా వల్ల కాదు, చెప్పను, ఎల్లుండి ఆపరేషను వాయిదా పడిందని చెప్తాను, డాక్టరమ్మ ఊరెళ్ళారని చెప్తాను, మొహంలో ఏమీ కనపడనివ్వను, నాకది వెన్నతో పెట్టిన విద్య.

తలుపు తోసేసరికి గుమాస్తా నా మీద పడలేదు, అదే మొదటి దెబ్బ, రోజూ గడప దాటనివ్వడు, చెప్పు ఒకటి లాక్కుని పోతే గానీ వాడికి నేను వచ్చినట్టు లెక్క కాదు, ఇవాళ మామయ్య కాళ్ళ మధ్య పడుకుని తోక మాత్రం నేలకేసి రెండుసార్లు కొట్టాడు, నీరసమా, పై ప్రాణాలు పైనే పోయాయి, తర్వాత చూస్తే మామయ్య మడమ వాడి మెడపట్టీ తాడు మీద ఉంది, ఆయన తొక్కిపట్టిన సంగతి ఆయనకే తెలియదు, ఆయన చూపు చేతిలో ఉన్న ఫోను మీద ఉంది, అది ఆయన ఫోను కాదు, మామయ్యది బొత్తాల ఫోను, ఇది పెద్దది, అంచు పగిలింది, వెనక లిఫ్టు కంపెనీ స్టిక్కరు, అది నా మొగుడి ఫోను, నేను బీరువా అడుగున ఆయన చొక్కాల కింద పెట్టాను, ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి ఆ బ్యాటరీ, అది మామయ్య చేతిలో నిక్షేపంలా వెలుగుతోంది, అమ్మాయ్, వాడికి మెసేజ్ వచ్చింది అన్నారు, చాలా మామూలుగా, పాలవాడు వచ్చాడు అన్నట్టు, ఎవరికి మామయ్యా అన్నాను, వాడికే, మీ ల్యాబు నుంచి, రిపోర్టు సిద్ధమైందట, పేరు కూడా సరిగ్గా వేశారు, ఒత్తు కూడా తప్పులేదు అన్నారు, అక్షరాలు కూర్చి బతికిన మనిషి, ఏ పరిస్థితిలోనైనా ముందు అచ్చుతప్పులే చూస్తారు, రిపోర్టు రాగానే కంప్యూటరు ఆ నంబరు వాళ్ళ ఫోనుకు మెసేజ్ పంపిస్తుందని తెలియదా నాకు, రోజూ వందమందికి వెళ్తుంది, ఆ ఫోను ఎక్కడో బీరువాలో చచ్చి పడుంది కాబట్టి ఎవరికీ అందదని బుర్రలో ఎక్కడో లెక్క వేసుకుని ఉంటాను, మరి ఇది ఎలా బతికుంది మామయ్యా అంటే ఆయన నా వైపు చూడకుండా, ఎప్పుడన్నా ఛార్జింగు పెడుతుంటానమ్మా, పాడైపోతుందని, నెలనెలా చిన్న రీఛార్జి కూడా వేయిస్తుంటాను, మూలమీద షాపులో, నంబరు పోతుందంట కదా వేయించకపోతే, అన్నారు, దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్లాడి మొహం, ఆయనకు డెబ్బై దాటాయి.

కూర్చున్నాను, కూలబడ్డాను అనాలి, సంచి బల్ల మీద పెట్టాను, ఇంక దాచడానికి ఏముంది, మామయ్యా అది ఆయనది కాదు, గుమాస్తాది, మన గుమాస్తా రక్తం, ఆ నంబరు ఖాళీగా ఉంటే అందులో వేశాను, మెసేజ్ వస్తుందని మర్చిపోయాను, నా బుద్ధి గడ్డి తింది, క్షమించండి, అని గబగబా ఏదో చెప్పుకుపోతూనే ఉన్నాను, ఆయన తల ఊపుతున్నారు, వింటున్నారో లేదో తెలియదు, కాగితం తీశాను, నా వైపు తిప్పుకుని సగమే విప్పాను, పై సగం చాలు, కింది సగం ఎందుకు, ఎర్ర గుర్తులు కనపడకూడదని అరచెయ్యి అడ్డం పెట్టాను, కానీ బల్ల అవతల ఉన్నది మామయ్య, జీవితమంతా సీసం అక్షరాలను తలకిందులుగా, అద్దంలోలాగా చదివి అచ్చు వేసిన మనిషి, ఎదుటివాడి చేతిలో ఉన్న కాగితాన్ని ఇటునుంచి చదవడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత తేలిక, నా వేళ్ళ సందుల్లోంచి చదివేశారు, కళ్ళజోడు కూడా సర్దుకోలేదు, పెదాలు కదిలాయి, కొడుకు పేరు చదివారు, వయసు చదివారు, ఏఎల్‌పీ అని పైకే చదివారు, ఆ మాట ఆయనకు వైద్యం చదివిన వాళ్ళకంటే బాగా తెలుసు, ప్రతి నెలా ఆ అంకె కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన తండ్రి, నూట తొంభై ఒకటి, పక్కన ఆరు వందల పన్నెండు, ఆయన మొహం వెలిగింది, అది నేను కళ్ళారా చూశాను, అబద్ధం చెప్పను, మొహం మొత్తం ఒక్కసారి వెలిగింది, తగ్గిందమ్మాయ్ అన్నారు.

తగ్గిందమ్మాయ్, ఆ ఒక్క మాట, ఆ తర్వాత గదిలో ఫ్యాను తిరుగుతోంది, గుమాస్తా తాడు కొరుకుతున్నాడు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ రోజుల్లో కాగితం చేతికి రాగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి మాట అది, తగ్గిందా, ఒకసారి, మధ్యలో ఒక్కసారి, మందు పనిచేసినట్టే చేసి కొంచెం తగ్గితే మామయ్య వీధిలోకి వెళ్ళి కనపడ్డ వాళ్ళందరికీ తగ్గింది తగ్గింది అని చెప్పి వచ్చారు, మావాడికి తగ్గింది, ఆ తర్వాత తగ్గలేదు, ఏడాదిన్నరగా ఆ పెద్దాయన గొంతులో ఎక్కడో ఆ మాట అలాగే సిద్ధంగా ఉండిపోయింది కాబోలు, కాగితం కనపడగానే బయటికి వచ్చేసింది, వెలుగు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది, ఛ, నా మతి మండా, ఏమంటున్నానమ్మా నేను అని కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు, అద్దాలు కాదు తుడుచుకుంటున్నది, నాకు ఏడుపు రాలేదు, ఎందుకు రాలేదో తెలియదు, ఆయనే కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, అంటే ఇది మన కుర్రవెధవది అన్నమాట, ఏఎల్‌పీ నూట తొంభై ఒకటి అంటే, అని ఆగి, గుమాస్తా తల మీద చెయ్యి వేశారు, వీడికి కూడానా అమ్మా అన్నారు, సరిగ్గా నేను చెప్పకూడదనుకున్న మాట, దారంతా మింగుకుంటూ వచ్చిన మాట, ఆయనే అనేశారు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా ఉండాలని చూశాను, విద్య పనిచేయలేదు, నా మొహం చూసి ఆయనకు అంతా అర్థమైపోయింది, చెయ్యి వాడి తల మీదే ఉంది, వాడు ఆ చెయ్యి నాకుతున్నాడు.

అప్పుడు మోగింది నా ఫోను, డాక్టరమ్మ, వెనకాల ఏదో కుక్క గోలగోలగా మొరుగుతోంది, ఏంటమ్మా అన్నిసార్లు చేశారు, మీవాడు ఏమన్నా మింగాడా, రబ్బరు బంతేనా, అన్నారు, స్పీకరు పెట్టాను, రిపోర్టు వచ్చిందండీ అన్నాను, ఒక్కొక్క అంకె చదవడం మొదలుపెట్టాను, ఏఎల్‌పీ చదివాను, ఊఁ అన్నారు, ఫాస్ఫరస్ చదివాను, ఊఁ అన్నారు, కాల్షియం, ఊఁ, క్రియాటినిన్, ప్రొటీన్, ఊఁ ఊఁ, కాలేయానివి మిగతావి ఎలా ఉన్నాయి, అవి బాగున్నాయండీ, షుగరు, అదీ బాగుంది, సరే, ఎర్ర గుర్తులు ఎవరి లెక్కకు పెట్టింది మీ మిషను, ఆ ప్రశ్న నాకు ముందు తలకెక్కలేదు, ఎవరి లెక్క అంటే, అదేనమ్మా, ఎంత ఉంటే మామూలు, ఎంత దాటితే ఎక్కువ అని పక్కన రాస్తారు కదా, అది ఎవరిది, మనుషులదండీ అన్నాను, ఎంత వయసు మనిషిది, నలభై ఎనిమిది ఏళ్ళ, అని ఆగిపోయాను, అవతల ఆవిడ పగలబడి నవ్వారు, కుక్క కూడా మొరగడం ఆపింది, నలభై ఎనిమిదేళ్ళ మనిషి లెక్కలో అయిదు నెలల కుక్కపిల్లను తూచారా, మీరు ల్యాబులో పనిచేస్తూ నన్ను భయపెడతారేంటమ్మా, వాడు మనిషీ కాడు, పెద్ద కుక్కా కాడు, నా దగ్గర పెద్ద కుక్కల లెక్క ఉంది, దానితో చూసినా వీడివి ఊరికే కొంచెం అటూ ఇటూ అంతే, పిల్లలకు అలాగే ఉంటుంది, ఎముకలు పెరిగేటప్పుడు ఏఎల్‌పీ, ఫాస్ఫరస్, కాల్షియం కొంచెం పైనే ఉంటాయి, కండ ఇంకా పట్టలేదు కాబట్టి క్రియాటినిన్ కింద ఉంటుంది, ప్రొటీన్ నెమ్మదిగా పుంజుకుంటుంది, ఇన్ని పరీక్షలు చేస్తే నిక్షేపంలాంటి వాళ్ళక్కూడా ఒకటో రెండో గీత దాటతాయి, అంకె ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకూడదు, కుక్కను చూడాలి, తింటున్నాడా, నేను నోరు తెరిచేలోగా మామయ్య అందుకున్నారు, తింటాడమ్మా, నా గుడ్డు కూడా వాడే తింటాడు, ఆడుతున్నాడా, ఇంట్లో చెప్పులు మిగల్లేదండి, బరువు పెరుగుతున్నాడా, పోయిన వారమే మెడపట్టీకి కొత్త చిల్లు పొడిచాను తల్లీ, పాత చిల్లు బిగిసిపోతోంది, పళ్ళు ఊడుతున్నాయా, అగ్గిపెట్టెలో దాచానమ్మా, చూపించమంటారా, ఆవిడ మళ్ళీ నవ్వారు, ఇంకేం కావాలి పెద్దాయనా మీకు, మీవాడు పెరుగుతున్నాడు, అంతే, ఇదీ జబ్బేనా, ఎదుగుదల కుదురుకున్నాక ఒకసారి మళ్ళీ చూద్దాం, ఎల్లుండి పొద్దున ఏమీ పెట్టకుండా తీసుకురండి, అని పెట్టేశారు.

మామయ్య నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను, పెరుగుతున్నాడట అన్నారు, అవునట అన్నాను, సంతోషం ఇంకా లోపలికి దిగలేదు, దానికంటే ముందు ఇంకో దెబ్బ తగిలింది, ఈసారి నేరుగా బుర్ర మీద, ఈ మాట నాకు తెలుసు కదా, ఈ మాట నాదే కదా, నెలకు ఎంతమంది తల్లులు పిల్లాడి రిపోర్టు పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు, అమ్మా ఏదో ఎర్రగా వేశారు, మావాడికి ఏమైంది అని, ఒక్క మాట ఎక్కువ అనకూడదన్న పాఠాన్ని నేను తప్పేది అక్కడొక్కచోటే, కంగారు పడకండమ్మా, ఎదిగే పిల్లలకు ఏఎల్‌పీ అలాగే ఉంటుంది, ఎముక పోసుకుంటోంది, డాక్టరుగారు కూడా అదే చెప్తారు చూడండి అంటాను, వాళ్ళు నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేస్తారు, పోయిన వారం కూడా ఒకావిడకు చెప్పాను, ఆ చెప్పిన నోరే ఇది, మిషనులో పిల్లలకు వేరే లెక్క ఉందని తెలిసిన బుర్రే ఇది, వయసు తప్పు పడితే అంకె తప్పు మాట్లాడుతుందని కొత్తగా చేరిన వాళ్ళకు పాఠం చెప్పేది నేనే, మరి అదంతా సాయంత్రం ఆ స్టూలు మీద ఎక్కడికి పోయింది, పేరు చూశాను, పక్క గడి చూశాను, మిగతాదంతా చెరిగిపోయింది, నంబరు ఖాళీగా ఉందని కదా వేశాను, ఖాళీ నంబర్లకు ఏం తక్కువ, మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి రోజూ పొద్దున పరీక్ష రక్తం ఎక్కిస్తామే, దానికొక ఉత్తుత్తి నంబరు ఉంది, పేరు లేదు, మెసేజ్ వెళ్ళదు, పక్క గడి ఉండదు, రోజూ నా వేళ్ళతోనే కొడతాను, ఇవాళ ఆ నంబరు గుర్తే రాలేదు, ఆయన పేరు కొట్టాలనిపించింది, ఒక్కసారి ఆ మిషను ఆయన పేరు మళ్ళీ రాస్తే చూడాలనిపించింది, బతికున్న రక్తం మీద, వెచ్చగా ప్రింటరులోంచి వస్తుంటే, బీరువాలోంచి ఫోను తీసి ఛార్జింగు పెట్టే ఆ పెద్దాయనకు ఏమనిపించేదో నాకు సరిగ్గా అదే అనిపించింది, ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి ముందు ఒకరం మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, నంబరు పోకుండా కాపాడుకుంటూ వచ్చాం ఇద్దరం, ఆయన అక్కడ, నేను ఇక్కడ.

మామయ్యా, రేపటి నుంచి ఆ ఫోను బీరువాలో వద్దు, ఇక్కడే బల్ల మీద ఉండనివ్వండి, రీఛార్జి నేను వేయిస్తాను అన్నాను, ఆయన తల ఊపారు, కాగితాన్ని తన వైపు లాక్కుని ఈసారి నిటారుగా పెట్టుకుని చదవబోయారు, అంతలో తాడు కొరకడం పూర్తయినట్టుంది, గుమాస్తా బల్ల మీదికి రెండు కాళ్ళూ వేసి రిపోర్టు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు, చిరిగింది, సగం మామయ్య చేతిలో, సగం వాడి నోట్లో, గత ఫలితం గడి ఎటు పోయిందో నేను చూడలేదు, వాడు ఆ ముక్క నోట కరుచుకుని తల వంచుకుని మా ఇద్దరి ముందూ నిలబడ్డాడు, సంతకం కోసం, అప్పుడు చూశాను వాణ్ణి, ఇవాళ మొత్తంలో మొదటిసారి, వాలిన చెవి కొంచెం లేస్తోంది, కాళ్ళు ఒంటికి సరిపోనంత పొడుగు సాగాయి, నిన్నమొన్నటి దాకా అందని బల్ల ఇవాళ అందింది, సాయంత్రం ఆ కాగితంలో నేను చదివినదంతా ఆయన రక్తమే, గుమాస్తా రక్తం నేనింకా చదవనే లేదు, ఏడాదిన్నరగా ఒక మనిషి ఎలా తగ్గిపోయాడన్నదే లెక్కపెట్టుకుంటూ బతికాను కాబట్టి, ఈ ఇంట్లో ఒకడు పెరుగుతున్నాడని మిషను ఎర్ర అక్షరాలతో గీసి మరీ చెప్పినా నాకు వినపడలేదు.